రిపోర్టులో నల్లగా కొట్టిన అంకె చూసి బెదరకు చెల్లె: థైరాయిడ్ పరీక్ష ఎట్లా చదవాలంటే

పరకాల దగ్గర నుంచి ఒక చెల్లె అడిగిన ప్రశ్న ఇది. వయసు 29. పెళ్లయి మూడేళ్లయింది, పిల్లల కోసం చూస్తున్నారు. జుట్టు రాలుతోందని, ఒళ్లు వచ్చిందని హనుమకొండలో పొద్దున రక్తపరీక్ష చేయించుకుంటే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథి చేత పని చేయించే హార్మోన్) 7.9 వచ్చింది. ఆ గ్రంథి తయారుచేసే హార్మోన్లు టీ3, టీ4 మామూలుగానే ఉన్నాయి. రిపోర్టు మెడికల్ షాపులో చూపిస్తే "థైరాయిడ్ వచ్చింది, 50 మైక్రోగ్రాముల గోలీ మొదలుపెట్టు, ఇక జీవితాంతం వేసుకోవాల్సిందే" అన్నారట. పది రోజులకు ఇంకో ల్యాబులో మధ్యాహ్నం పూట రక్తమిస్తే 5.2 వచ్చింది. గోలీ ఇంకా మొదలుపెట్టలేదు. అత్తమ్మ క్యాబేజీ, గోబీపువ్వు బంద్ చేయించింది. రెండు రిపోర్టుల్లో ఏది నిజమో తెలియక రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని రాసింది.

చెల్లె, రెండూ నిజమే అయి ఉండొచ్చు. ముందు ఈ సంగతి అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

నేను హనుమకొండలో ల్యాబు పనిలో ఉండి ఇరవై నాలుగేళ్లయింది. డాక్టర్‌ను కాను. మందు రాయాల్సింది, మోతాదు మార్చాల్సింది డాక్టరే. కానీ ఆ అంకె ఎట్లా పుడుతుందో, ఎక్కడెక్కడ దారి తప్పుతుందో రోజూ కళ్లతో చూసేదాన్ని కాబట్టి చెప్పగలను.

మా దగ్గర పొద్దున ఏడు గంటలకు పని మొదలవుతుంది. ముందు మెషిన్‌కు కంట్రోల్ శాంపిళ్లు పెడతాం. అంటే వాటిలో హార్మోన్ ఎంత ఉందో మనకు ముందే తెలుసు. మెషిన్ ఆ లెక్కకు దగ్గరగా చూపిస్తేనే ఆ రోజు పేషెంట్ల రక్తం పెడతాం. పసుపు మూత ట్యూబులో తీసిన రక్తాన్ని అరగంట గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. ఎర్రటిది అడుగుకు పోయి, పైన లేత గడ్డిరంగు నీరు తేలుతుంది. అదే సీరం. దాంట్లో కొన్ని చుక్కలు మెషిన్ తీసుకుని, హార్మోన్‌కు అతుక్కునే రసాయనాలు కలిపి, వచ్చే వెలుతురును కొలిచి అంకె ఇస్తుంది. ఆ అంకె నీ రక్తంలో ఆ క్షణాన ఉన్నది చెబుతుంది. నువ్వు ఏ వేళకు వచ్చావో, ఏం గోలీలు మింగావో, పోయిన వారం జ్వరం పడ్డావో దానికి తెలియదు.

ఇప్పుడు నీ 7.9, 5.2 సంగతి. టీఎస్‌హెచ్ రోజంతా ఒక్క తీరుగా ఉండదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా ఎక్కువ ఉంటుంది, పొద్దెక్కిన కొద్దీ తగ్గి మధ్యాహ్నానికి కిందికి వస్తుంది. నువ్వు మొదటిసారి పొద్దున ఇచ్చావు, రెండోసారి మధ్యాహ్నం, బహుశా అన్నం తిన్నాక ఇచ్చావు. పైగా ల్యాబు వేరు, మెషిన్ వేరు. ఒక కంపెనీ కిట్‌కు మామూలు హద్దు 0.27 నుంచి 4.20 అని ఉంటుంది, ఇంకో దానికి 0.35 నుంచి 4.94, మరో దానికి 0.55 నుంచి 4.78. ఒకే మనిషిలో ఏ జబ్బూ పెరగకుండా, తగ్గకుండా కూడా టీఎస్‌హెచ్ ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య సగం దాకా తేడా చూపించొచ్చు. కాబట్టి రెండు ల్యాబుల్లో ఎవరో ఒకరు మోసం చేశారనుకోవద్దు. రెండు రిపోర్టులూ చెబుతున్నది ఒక్కటే: నీ టీఎస్‌హెచ్ హద్దు దాటి కొంచెం పైన ఉంది.

ఆ హద్దు కూడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకో. ఆరోగ్యంగా ఉన్న చాలామంది రక్తం పరీక్షించి, అందులో నడిమి 95 శాతం మంది ఎక్కడ పడ్డారో అది హద్దుగా పెడతారు. అంటే పూర్తి ఆరోగ్యంగా ఉన్న నూరు మందిలో ఐదుగురు ఎట్లాగూ హద్దు బయటే ఉంటారు. కంప్యూటర్‌కు అది తెలియదు, హద్దు దాటితే అంకెను నల్లగా కొట్టి పక్కన ఒక అక్షరం పెడుతుంది. జనం మాత్రం ఆ నలుపు చూసే భయపడుతున్నారు.

యూనిట్ల గొడవ ఇంకొకటి. కిందటి ఏడాది నర్సంపేట వైపు నుంచి ఒకామె ఏడుస్తూ ఫోన్ చేసింది. "పోయినసారి టీ3 120 ఉండె మేడం, ఇప్పుడు 1.2కు పడిపోయింది, నేను బతుకుతనా?" అని. నిదానంగా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అంకె తర్వాత ఏం రాసి ఉందో చదవమన్నాను. మొదటి దాంట్లో డెసిలీటరుకు నానోగ్రాములు, రెండో దాంట్లో మిల్లీలీటరుకు నానోగ్రాములు. డెసిలీటరంటే నూరు మిల్లీలీటర్లు. అంటే 120, 1.2 రెండూ ఒకటే. ఫ్రీ టీ4కు కూడా ఇట్లాగే రెండు రకాల యూనిట్లు నడుస్తాయి. ఒక ల్యాబు 1.2 అని ఇస్తే, ఇంకో ల్యాబు పికోమోల్స్‌లో 15 అని ఇస్తుంది, రెండూ దాదాపు సమానమే. టీఎస్‌హెచ్‌కు మాత్రం ఈ బాధ లేదు. మైక్రో యూనిట్లు అని రాసినా, మిల్లీ యూనిట్లు అని రాసినా, కింద మిల్లీలీటరు ఉన్నచోట లీటరు వస్తుంది కాబట్టి అంకె మారదు.

ఇక అసలు సంగతికి వద్దాం. మెదడు కింద పిట్యూటరీ అని శనగగింజంత గ్రంథి ఉంది. గొంతు ముందు థైరాయిడ్ ఉంది. ఇల్లు కట్టే దగ్గర మేస్త్రీని, కూలీని తలచుకో. పిట్యూటరీ మేస్త్రీ, థైరాయిడ్ కూలీ. కూలీ మోసే ఇటుకలు టీ4, టీ3. పని నెమ్మదిస్తే మేస్త్రీ గొంతు పెంచుతాడు. ఆ కేక పేరే టీఎస్‌హెచ్. అందుకే హార్మోన్ తగ్గితే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, హార్మోన్ ఎక్కువైతే టీఎస్‌హెచ్ పడిపోతుంది. చాలామందికి ఇది తలకిందులుగా అనిపించి, "టీఎస్‌హెచ్ పెరిగింది కాబట్టి నాకు థైరాయిడ్ ఎక్కువైంది" అనుకుంటారు. కాదు, టీఎస్‌హెచ్ పెరిగిందంటే గ్రంథి పని తగ్గుతున్నదని.

ఈ మేస్త్రీ చాలా గడుసువాడు. నాలుగు ఇటుకలు తక్కువైనా కేకేస్తాడు. టీ4 కొంచెం తగ్గితేనే టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. నీ రిపోర్టులో అదే కనిపిస్తోంది. టీ4 ఇంకా హద్దులోనే ఉంది, టీఎస్‌హెచ్ మాత్రం లేచింది. కూలీ పని పూర్తి చేస్తున్నాడు, కాకపోతే కేక పెంచితేనే చేస్తున్నాడు. దీన్ని డాక్టర్లు సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. టీఎస్‌హెచ్ పెరిగి టీ4 కూడా పడిపోతే అది పూర్తి స్థాయి హైపోథైరాయిడిజం. దానికి మందు తప్పదు, ఆలస్యం పనికిరాదు. టీఎస్‌హెచ్ బాగా పడిపోయి, 0.1 కన్నా కిందికి పోయి, టీ4 గానీ టీ3 గానీ పెరిగితే అది హైపర్, అంటే గ్రంథి పని ఎక్కువైందని. గుండె దడ, చేతుల వణుకు, తిన్నా బరువు తగ్గడం దాంట్లో ఉంటాయి.

సబ్‌క్లినికల్‌లో టీఎస్‌హెచ్ 10 లోపల ఉంటే, నీలాంటి పరిస్థితి కాని వాళ్లకైతే నేను ఇంకో మాట చెప్పేదాన్ని: రెండు మూడు నెలలు ఆగి, అదే ల్యాబులో, పొద్దునే, ఫ్రీ టీ4తో కలిపి మళ్లీ చేయించుకోండి అని. ఎందుకంటే అట్లాంటి వాళ్లలో చాలామందికి రెండోసారికి అంకె దానంతటదే హద్దులోకి వస్తుంది. 10 దాటితే డాక్టర్లు ఎక్కువగా మందు మొదలుపెడతారు.

మా అమ్మకు 76 ఏళ్లు. టీఎస్‌హెచ్ 6.3 ఉంటుంది, మూడేళ్లుగా అటూఇటూ అంతే. డాక్టరు గోలీ వద్దన్నారు. వయసు మీద పడ్డ కొద్దీ టీఎస్‌హెచ్ కొంచెం పైకి జరగడం సహజం. ఆ వయసులో లేనిపోని మోతాదు ఇస్తే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. ఇంట్లో అందరూ "రిపోర్టులో నల్లగా ఉంది కదా, గోలీ ఎందుకు రాయలేదు" అని అడుగుతారు. మందు రాయకపోవడం కూడా వైద్యమేనని వాళ్లకు నచ్చజెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

కానీ చెల్లె, నువ్వు పిల్లల కోసం చూస్తున్నావు. అందుకే నీకు "మూడు నెలలు ఆగు" అనను. కడుపు నిలిచిన మొదటి మూడు నెలలు బిడ్డకు సొంత థైరాయిడ్ పని చేయదు, తల్లి హార్మోన్ మీదే బతుకుతుంది, మెదడు ఎదగడానికి అది కావాలి. అందుకని పిల్లల కోసం చూసేవాళ్లలో టీఎస్‌హెచ్ పెరిగి ఉంటే, డాక్టర్లు చిన్న మోతాదు ఇచ్చి ముందే 2.5 లోపలికి తేవాలని చూస్తారు. షాపులో చెప్పిన గోలీ చివరికి డాక్టరు కూడా రాయొచ్చు. కానీ ఎంత రాయాలో, ఎప్పుడు మళ్లీ చూడాలో, వేరే కారణం ఉందో లేదో చూసేది కౌంటర్ దగ్గర జరిగే పని కాదు. ఈ వారంలోనే ఒక ఫిజీషియన్ దగ్గరికో, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికో, మీ గైనకాలజిస్టు దగ్గరికో పో. రెండు రిపోర్టులూ తీసుకుపో.

పోయేముందు ఒక్కసారి పొద్దున రక్తమిచ్చి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ చేయించుకుంటే డాక్టరుకు పని సులువవుతుంది. ఫ్రీ టీ4 ఎందుకంటే, రక్తంలోని టీ4లో 99 శాతానికి పైగా ప్రోటీన్లకు అంటుకుని ఉంటుంది. పని చేసేది విడిగా ఉన్న ఆ పిసరే. గర్భం వచ్చినా, గర్భనిరోధక గోలీలు వాడినా ఆ ప్రోటీన్ పెరిగి, మొత్తం టీ4 అంకె ఉబ్బుతుంది. హార్మోన్ నిజంగా ఎక్కువ కాకపోయినా ఎక్కువ ఉన్నట్టు కనపడుతుంది. ఫ్రీ టీ4లో ఆ చిక్కు చాలావరకు ఉండదు. ఇక టీ3 అనేది హైపర్ అనుమానం ఉన్నప్పుడు పనికొచ్చే పరీక్ష. గ్రంథి పని తగ్గినప్పుడు అది చివరిదాకా మామూలుగానే ఉంటుంది. అందుకే హైపో ఉన్నవాళ్లు ప్రతిసారీ టీ3కి డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

యాంటీ టీపీఓ అంటే మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే మన థైరాయిడ్ మీద పడుతున్నదా అని చూసేది. దీనివల్ల వచ్చే జబ్బును 1912లో జపాన్ డాక్టరు హషిమోటో వర్ణించారు, అందుకే దాన్ని హషిమోటో జబ్బు అంటారు. ఇది పాజిటివ్ వస్తే నీ టీఎస్‌హెచ్ మున్ముందు ఇంకా పెరిగే అవకాశం ఎక్కువని అర్థం. నెగెటివ్ వస్తే తిరిగి హద్దులోకి వచ్చే ఆశ కొంచెం ఎక్కువ. ఒకసారి పాజిటివ్ వచ్చాక మళ్లీ మళ్లీ చేయించుకోకు. 300 ఉన్నది 600 అయిందని గాబరాపడేవాళ్లను చూశాను. ఆ అంకె పెరిగినా తగ్గినా వైద్యం మారదు.

ఉచితంగా చేయించుకోవాలంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడుగు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద అక్కడ శాంపిల్ తీసుకుని హబ్ అనే పెద్ద ల్యాబుకు పంపుతారు, థైరాయిడ్ పరీక్ష అందులో ఉంది. ఊళ్లో తీసిన రక్తం దూరం పోతే పాడవుతుందేమో అని చాలామంది అడుగుతారు. సీరం వేరుచేసి చల్లగా ఉంచితే టీఎస్‌హెచ్ కొన్ని రోజులు చెక్కుచెదరదు.

ఇప్పుడు నేను ఎక్కువ చెప్పాలనుకున్నది. ఇన్నేళ్లలో నేను చూసిన తిరకాసు రిపోర్టుల్లో చాలా వాటికి కారణం మెషిన్ కాదు. మేము అడగని ప్రశ్న, వాళ్లు చెప్పని సంగతి.

యూనివర్సిటీలో చదువుకునే ఒక అమ్మాయికి టీఎస్‌హెచ్ 0.02, ఫ్రీ టీ4 చాలా ఎక్కువ వచ్చింది. కాగితం మీద చూస్తే పక్కా హైపర్. స్కానింగ్‌కు రాశారు. వాళ్ల నాన్న అప్పటికే సగం చిక్కిపోయాడు. రిపోర్టు ఇస్తూ ఆ పిల్ల వైపు చూస్తే చెయ్యి వణకడం లేదు, నాడి నిదానంగా ఉంది, నవ్వుతూ మాట్లాడుతోంది. "ఏమన్నా గోలీలు వేసుకుంటున్నావా బిడ్డా?" అంటే "ఏం లేవు ఆంటీ" అంది. "జుట్టుకు?" అన్నాను. బ్యాగులో నుంచి డబ్బా తీసింది. బయోటిన్, రోజుకు 10 మిల్లీగ్రాములు. కొన్ని మెషిన్లలో హార్మోన్‌ను పట్టుకునే పద్ధతికి బయోటిన్‌నే వాడతారు. రక్తంలో అది ఎక్కువుంటే టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా, టీ4 లేనిపోని ఎక్కువగా చూపిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీని గురించి హెచ్చరించింది. డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాం. వారం ఆపి మళ్లీ తీస్తే అన్నీ మామూలే. చెల్లె, నీకూ జుట్టు రాలుతోందన్నావు కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను. అట్లాంటి గోలీ వేసుకుంటుంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు, మోతాదు పెద్దదైతే ఇంకా ముందే ఆపు, రక్తం తీసేవాళ్లకు చెప్పు.

ఇంకొకామె మిర్చి సీజన్‌లో ఏనుమాముల మార్కెట్‌కు కూలికి పోయేది, ఐదో నెల గర్భం. టీఎస్‌హెచ్ 9, తర్వాత 12, తర్వాత 15. ప్రతిసారీ మోతాదు పెంచారు, ప్రతిసారీ అంకె పెరిగింది. గోలీ మానుతున్నావా అంటే దేవుడి మీద ఒట్టేసింది. నిజంగానే మానలేదు. నాలుగింటికి లేచి థైరాయిడ్ గోలీ, దవాఖానలో ఇచ్చిన ఐరన్ గోలీ, కాల్షియం గోలీ మూడూ అరచేతిలో పోసుకుని ఒక్క గుక్క చాయ్‌తో మింగి పనికి పోయేది. ఐరన్, కాల్షియం రెండూ కడుపులోనే థైరాక్సిన్‌ను, అంటే థైరాయిడ్ గోలీలోని టీ4ను పట్టుకుని రక్తంలోకి పోనివ్వవు. వాటికీ దీనికీ నాలుగు గంటలన్నా ఎడం ఉండాలి. డాక్టరు థైరాయిడ్ గోలీని రాత్రి పడుకునేముందుకు మార్చారు, తిన్న మూడు గంటల తర్వాత. ఐరన్ పగలు ఒక పూట, కాల్షియం ఇంకో పూట. నాలుగు వారాలకు టీఎస్‌హెచ్ దిగింది, తర్వాత మోతాదు తగ్గించాల్సి కూడా వచ్చింది. పొద్దుగాలే పనికి పోయేవాళ్లకు రాత్రి గోలీ చాలా వీలుగా ఉంటుంది. డాక్టర్‌ను అడిగి మార్చుకోవచ్చు.

పరీక్ష దగ్గరికొచ్చాక నాలుగు రోజులు శ్రద్ధగా గోలీలు వేసుకునేవాళ్లను కూడా రిపోర్టు పట్టిస్తుంది. ఫ్రీ టీ4 పైన ఉంటుంది, టీఎస్‌హెచ్ కూడా పైనే ఉంటుంది. ఇటుకలు నిండా ఉన్నాయి, మేస్త్రీ మాత్రం ఇంకా అరుస్తున్నాడు. మింగిన టీ4లో సగం కరగడానికే వారం పడుతుంది, టీఎస్‌హెచ్ సర్దుకోవడానికి ఆరు వారాల దాకా కావాలి. అందుకే గర్భిణులకు తప్ప, మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ పరీక్ష చేయరు. పదిహేను రోజులకోసారి చేయించుకుంటే డబ్బు పోతుంది, గందరగోళం మిగులుతుంది. ఇదే లెక్కన, మేడారం జాతరకు పోయి ఒకటి రెండు రోజులు గోలీ మరచిపోతే కొంప మునగదు, మర్నాటి నుంచి మామూలుగా వేసుకోవచ్చు. గోలీ వాడేవాళ్లు పరీక్ష రోజు పొద్దున రక్తమిచ్చాకే వేసుకోవాలి. ముందే వేసుకుంటే కొన్ని గంటలపాటు ఫ్రీ టీ4 ఎత్తుగా కనపడుతుంది.

డెంగీతోనో, టైఫాయిడ్‌తోనో దవాఖానలో పడుకున్నప్పుడు తీసిన థైరాయిడ్ పరీక్షను నమ్మొద్దు. పెద్ద జబ్బులో ఒళ్లు తనంతట తానే టీ3ని తగ్గించుకుంటుంది, కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పైకి లేస్తుంది. థైరాయిడ్ జబ్బు మీద గట్టి అనుమానం ఉంటే తప్ప, లేచి తిరిగిన ఆరు వారాలకు చేయించుకోవడమే మేలు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టిన రిపోర్టు ఇంకొకటి. ములుగు అవతలి నుంచి వచ్చిన నలభై ఏళ్ల మనిషి. ఎప్పుడూ చలి, నీరసం, ముఖం పాలిపోయి ఉండేది. మూడు చోట్ల టీఎస్‌హెచ్ ఒక్కటే చేశారు. 2.1, 1.8, 2.4. మూడుసార్లూ "థైరాయిడ్ లేదు పో" అన్నారు. మా దగ్గర ఫ్రీ టీ4 కూడా చేస్తే సగానికి సగం తక్కువ. మా డాక్టరు మేడం ఆమెను కూర్చోబెట్టి కాన్పు గురించి అడిగింది. పదకొండేళ్ల కింద ఇంటి దగ్గరే కాన్పయింది, రక్తం ఆగకుండా పోయింది, బిడ్డకు పాలు పడలేదు, ఆ తర్వాత నెలసరి రాలేదు. విపరీతంగా రక్తం పోయినప్పుడు పిట్యూటరీ దెబ్బతింటుంది. దాన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. ఇక్కడ మేస్త్రీకే గొంతు పోయింది. కేక వినపడడం లేదు కాబట్టి పని బాగా నడుస్తోందని అందరూ అనుకున్నారు. ఇట్లాంటి వాళ్లకు ముందు స్టెరాయిడ్ లోటు చూసి, అది సరిచేశాకే థైరాయిడ్ గోలీ ఇవ్వాలి. తిరగేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇళ్లలో కాన్పుకు చాలా రక్తం పోయి, పాలు పడక, నెలసరి ఆగిన ఆడమనిషి ఎవరన్నా ఉంటే, టీఎస్‌హెచ్ బాగుందన్న మాటతో వదిలేయకండి. దయచేసి ఒకసారి పెద్ద డాక్టరుకు చూపించండి.

తిండి సంగతి. అత్తమ్మకు చెప్పు, వండిన క్యాబేజీ, గోబీపువ్వు అందరిలా వారానికి రెండుసార్లు తింటే ఏమీ కాదు. అయొడైజ్డ్ ఉప్పు మానొద్దు. అట్లాగని అయొడిన్ పొడులు, "థైరాయిడ్ తగ్గించే" చూర్ణాలు కొనొద్దు. అయొడిన్ ఎక్కువైనా గ్రంథి మొరాయిస్తుంది. సోయా తింటే మాత్రం గోలీకి దూరంగా తిను. గోలీ మొదలైతే పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా చాయ్ కూడా తాగొద్దు. డబ్బాను పొయ్యి పక్కన, కిటికీలో పెట్టకు, మన ఎండలకు, తేమకు మందు బలం తగ్గుతుంది. వచ్చిన డబ్బాలోనే మూత గట్టిగా పెట్టి ఉంచు.

జుట్టు, బరువు గురించి ఉన్నమాట చెబుతాను. 7.9 టీఎస్‌హెచ్ ఒక్కటే పది కిలోలు పెంచదు. మన దగ్గర ఆడవాళ్లలో జుట్టు రాలడానికి రక్తహీనత కూడా ఒక కారణం కావచ్చు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) కూడా చూపించుకో. గోలీ మొదలుపెట్టగానే సన్నబడతానని ఆశ పెట్టుకోకు, బరువు తగ్గడం కోసం మోతాదు ఎక్కువ వేసుకోకు.

షాపులో జీవితాంతం అన్నారన్నావు. గ్రంథి పూర్తిగా దెబ్బతిన్నవాళ్లకు అవును. నీకు ఇప్పుడే ఆ మాట ఎవరూ చెప్పలేరు. పిల్లల కోసమని మొదలుపెట్టిన చిన్న మోతాదును కాన్పు తర్వాత డాక్టరు ఆపి చూసే సందర్భాలు ఉన్నాయి.

గోలీ వాడుతుండగా కడుపు నిలిస్తే, ఆ వార్త తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చెయ్యి. గర్భంలో మోతాదు పెంచాల్సి వస్తుంది. చాలామంది డాక్టర్లు వారానికి ఏడుకు బదులు తొమ్మిది గోలీలు వేసుకోమని ముందే చెప్పి పెడతారు. నీకు ఎట్లాగో ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకో. ఐదో నెల దాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ చూడాలి. గర్భంలో హద్దులు వేరు, మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ సహజంగానే కిందికి పోతుంది, కాబట్టి రక్తం ఇచ్చేటప్పుడు ఎన్నో నెలో రాయించు. అది రాయకపోతే కంప్యూటర్ మామూలు మనుషుల హద్దులతోనే పోల్చి మళ్లీ నల్లగా కొడుతుంది. కాన్పు తర్వాత మోతాదు వెనక్కి తెచ్చి, ఆరు వారాలకు ఇంకోసారి చూస్తారు. ఆ మొదటి ఏడాదిలో దడగానీ, తట్టుకోలేని నీరసంగానీ వస్తే బాలింతల థైరాయిడ్ వాపు కూడా అయి ఉండొచ్చు, అది చాలామందికి దానంతటదే తగ్గుతుంది, కానీ పరీక్ష చేయించుకో.

బిడ్డ పుట్టాక మూడో రోజు నుంచి ఐదో రోజు లోపల మడమ దగ్గర చిన్న సూదితో గుచ్చి, రక్తపు చుక్కలు కాగితం మీద ఎండబెట్టి టీఎస్‌హెచ్ చూస్తారు. పుట్టిన మొదటి రోజు అందరి పిల్లల్లోనూ అది ఎత్తుగానే ఉంటుంది, అందుకే కొంచెం ఆగి తీస్తారు. పుట్టుకతో థైరాయిడ్ లేని బిడ్డకు రెండు వారాల్లోపు గోలీ మొదలైతే, తోటిపిల్లల్లాగే చదువుకుంటుంది. దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు "బిడ్డకు మడమ పరీక్ష చేశారా?" అని నర్సమ్మను అడుగు. చేయలేదంటే ఆ కాగితం చేతికి వచ్చేదాకా అడుగుతూనే ఉండు.